పాత ట్రాక్టర్‌కు ట్రాలీ హిచ్: ఏ రకం తీసుకోవాలి, ఏ భాగం ఎక్కడ కొనాలి

ఇరవై, ముప్పై ఏళ్ల నాటి మాస్సీ 1035కో మహీంద్రా బి-275కో ట్రాలీ హిచ్ (ట్రాలీని ట్రాక్టర్ వెనక తగిలించే అమరిక) కావాలని విడిభాగాల దుకాణంలో అడిగితే కౌంటరు మీదకు మూడు రకాలు వస్తాయి. కంపెనీ పెట్టెలో ఉన్నది ఒకటి, పేరు లేని బయటి సరుకు ఒకటి, పాత బండి నుంచి విప్పి నల్ల రంగు వేసినది ఒకటి. పక్క వీధిలోని వెల్డింగ్ షాపులో చేయించుకున్నా సరిపోతుందని చెప్పేవాళ్లూ ఉంటారు. చూపుకు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి కొనేవారు నేరుగా ధర అడుగుతారు. ధర కన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఈ హిచ్ ఎలాంటి ట్రాలీని లాగాలి? అది ట్రాక్టర్‌కు ఎక్కడ బిగుస్తుంది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ట్రాలీ ముందుండే రింగులోంచి దిగే పిన్ను ఎప్పుడూ కొత్తదే, మంచిదే కొనాలి. ట్రాక్టర్‌కు బిగించే బ్రాకెట్ మాత్రం అదే మోడల్‌కు చెందిన అసలు భాగమై ఉండాలి, అది పాతదైనా ఫరవాలేదు. వెల్డింగ్ పని ఏదైనా ఉంటే ట్రాలీ వైపు చేయించుకోవాలి తప్ప ట్రాక్టర్ వైపు చేయించకూడదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ట్రాలీని చూడండి

హిచ్ మీద పడే భారాన్ని బట్టి చూస్తే మన ఊళ్లలో తిరిగే ట్రాలీలు రెండే రకాలు. ఒకే ఇరుసు మీద నిలిచే రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత భాగాన్ని హిచ్ మీద మోపుతుంది. ముందు ఇరుసు టర్న్‌టేబుల్ మీద తిరిగే నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోసుకుంటుంది. దాని హిచ్‌కు లాగే పని, బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి వచ్చే తోపును తట్టుకునే పని మాత్రమే ఉంటాయి. నాలుగు చక్రాలూ వెనక భాగంలోనే జంటగా ఉన్న ట్రాలీలూ ఉన్నాయి. చక్రాల సంఖ్య చూసి మోసపోకూడదు, దాని ముందు భాగం హిచ్ మీదే ఆనుతుంది కాబట్టి అది మొదటి రకం కిందే లెక్క.

తేడా ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది. ట్రాక్టర్ రెండు ఇరుసుల మధ్య దూరం 1.8 మీటర్లు, హిచ్ పిన్ను వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. అప్పుడు హిచ్ మీద పడే ప్రతి 100 కిలోలకూ ముందు చక్రాల మీద సుమారు 45 కిలోల బరువు తగ్గిపోతుంది. నాలుగు టన్నుల లోడున్న ట్రాలీ అందులో పదో వంతు హిచ్ మీద మోపితే ముందు చక్రాలు దాదాపు 180 కిలోలు తేలికవుతాయి. చదునైన తారు రోడ్డు మీద ఇది తెలియదు. పొలంలో నుంచి కాలువ గట్టు మీదకు ఎక్కేటప్పుడు ఎదురు వాలు, లాగే బలం రెండూ దీనికి తోడవుతాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగని స్థితి అప్పుడే వస్తుంది. ట్రాక్టర్ బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలన్నది అన్ని చోట్లా పాటించే నియమం. చెరకు తోలే రోజుల్లో ముందు చక్రాలు గాలిలోకి లేచిన ట్రాక్టర్లు కనిపించేది ఈ నియమం తప్పినందువల్లే.

కాబట్టి రెండు చక్రాల ట్రాలీ ఉన్నవారు పిన్ను వెనక ఇరుసుకు దగ్గరగా, ఇరుసు మధ్యరేఖ కన్నా కిందుగా వచ్చే హిచ్‌నే ఎంచుకోవాలి. మలుపు తిప్పడానికి సుఖంగా ఉంటుందని పొడవాటి బ్రాకెట్ అమ్ముతారు. పై లెక్కలో పిన్ను మరో పది సెంటీమీటర్లు వెనక్కు జరిగితే 45 కిలోలు కాస్తా 50 అవుతాయి. ఆ పది సెంటీమీటర్లు నిజంగా అవసరమా అని ట్రాలీ మూలలు వెనక టైర్లకు తగులుతున్నాయో లేదో చూసి నిర్ణయించుకోండి. తగలకపోతే పొట్టిదే మంచిది.

సరుకు సర్దే తీరు కూడా హిచ్ ఎంపికలో భాగమే. ధాన్యం బస్తాలు ఇరుసుకు కాస్త ముందుకు బరువు వచ్చేలా వేస్తే హిచ్ మీద తగినంత ఒత్తిడి ఉండి వెనక టైర్లకు పట్టు వస్తుంది. వెనక డోరు దగ్గరే బస్తాలు పేరిస్తే ట్రాలీ రింగు పిన్నును పైకి ఎత్తుతుంది. ఇసుక, కంకర లాంటి బరువైన సరుకులో ఈ పొరపాటు త్వరగా జరుగుతుంది, ఎందుకంటే తొట్టి సగం నిండకముందే లోడు పూర్తవుతుంది, ఆ సగం ఎటువైపున్నదో ఎవరూ పట్టించుకోరు. గుంటూరు మిర్చి యార్డుకో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కో వెళ్లే లోడుది వేరే సమస్య. మిర్చి, పత్తి బస్తాల బరువు తక్కువే అయినా ఎత్తు ఎక్కువ. అక్కడ హిచ్ బలం కన్నా దానిలోని లూజు ముఖ్యం. పిన్ను చుట్టూ ఆటాడే ట్రాలీ ప్రతి గుంతలోనూ ఊగుతుంది, ఎత్తైన లోడు ఆ ఊపును ఇంకా పెంచుతుంది.

హిచ్ రకాలు

మన దగ్గర ఎక్కువగా కనిపించేది, గేర్లు, ఇరుసు ఉండే వెనక హౌసింగ్‌కు బోల్టులతో బిగించే స్థిరమైన బ్రాకెట్. దాని చివర రెండు పలకలు, వాటి మధ్య ట్రాలీ రింగు, పై నుంచి పిన్ను. కొన్నింటిలో ఎత్తు మార్చుకోవడానికి వరుసగా రంధ్రాలుంటాయి. రోడ్డు మీద ట్రాలీ తోలడమే ప్రధానమైన పని అయితే ఇదే సరైనది. ఇందులో కదిలే భాగాలు లేవు, భారం నేరుగా హౌసింగ్‌కు చేరుతుంది, అరిగేది పిన్ను, రంధ్రాలు మాత్రమే. ఒక లోపం ఉంది. కొన్ని ట్రాక్టర్లలో రోటవేటర్ తగిలించేటప్పుడు పీటీవో షాఫ్టుకు (ఇంజను శక్తిని వెనక యంత్రానికి అందించే తిరిగే కడ్డీకి) ఇది అడ్డు వస్తుంది, సీజను మారినప్పుడల్లా విప్పి బిగించాలి. అలా విప్పే ట్రాక్టర్లలో బోల్టులు ముందుగా పాడవుతాయి. రంధ్రాల వరుసలో ఏ ఎత్తు ఎంచుకోవాలన్న సందేహం వస్తే, లోడుతో ఉన్న ట్రాలీ నేలకు సమాంతరంగా నిలిచే ఎత్తులో పెట్టండి. ఖాళీ ట్రాలీతో కొలిస్తే తప్పు వస్తుంది.

రెండోది ఊగే డ్రాబార్. ట్రాక్టర్ కింది నుంచి వెనక ఇరుసు దాటి బయటకు వచ్చే బలమైన పట్టీ ఇది. ముందు చివర ఒక పిన్ను మీద తిరుగుతుంది, వెనక ఒక అడ్డ కమ్మీ మీద ఆనుతుంది. లాగే బిందువు ఇరుసుకు ముందుగా ఉండటం వల్ల మలుపుల్లో ట్రాక్టర్ తేలిగ్గా తిరుగుతుంది, లాగేది కిందుగా ఉండటం వల్ల ముందు భాగం లేవదు. పొలంలో వెనక లాక్కుపోయే యంత్రాలకు దీన్ని మించింది లేదు. వరి గడ్డిని కట్టలు కట్టే బేలర్‌ను అద్దెకైనా తగిలించాలనుకునేవారు దీన్నే చూడాలి. నిమిషానికి 540 చుట్లు తిరిగే సాధారణ పీటీవోకు, షాఫ్టు చివర నుంచి డ్రాబార్ పిన్ను సుమారు 14 అంగుళాలు వెనక ఉండాలని ప్రమాణం. స్థిరమైన బ్రాకెట్‌లో ఈ దూరం చాలాసార్లు రాదు. దూరం తగ్గితే మలుపులో పీటీవో షాఫ్టు జాయింటు బిగుసుకుని విరుగుతుంది. రోడ్డు మీద ట్రాలీ తోలేటప్పుడు మాత్రం డ్రాబార్ ఊగకుండా రెండు వైపులా పిన్నులు పెట్టి నిలపాలి. పాత బండ్లలో ఆ పక్క పిన్నులే కనిపించకుండా పోయి ఉంటాయి. డ్రాబార్ కొనేటప్పుడు అవి ఉన్నాయో లేదో తప్పక అడగండి. రెండు చక్రాల ట్రాలీ బరువు మోయించాలంటే ఆ డ్రాబార్ ఎంత నిలువు భారం తట్టుకుంటుందో మాన్యువల్‌లో చూడాలి. లాగడంలో దిట్ట అయిన పట్టీ మోయడంలోనూ దిట్టే అనుకోవడానికి లేదు.

మూడోది, పనిముట్లను ఎత్తే రెండు లోయర్ లింకుల మధ్య అడ్డంగా పెట్టే రంధ్రాల కమ్మీ. ఇది అన్నిటికన్నా చవక, ఏ ట్రాక్టర్‌కైనా తగిన కొలతలో దొరుకుతుంది. దీన్ని ట్రాలీకి వాడవద్దనే నా సలహా. చదును చేసే పలకనో మొద్దులనో నెమ్మదిగా లాగడానికి మాత్రమే ఇది పనికొస్తుంది. లింకుల ఎత్తు హైడ్రాలిక్ లివరుతో మారుతుంది. ట్రాలీ తగిలించి ఉండగా ఎవరి చెయ్యో తగిలి లివరు పైకి కదిలితే లాగే బిందువు ఒక్కసారిగా ఇరుసు కన్నా పైకి పోతుంది. పాత పంపు లీకవుతుంటే మెల్లగా కిందికి దిగుతుంది. ఎత్తు మారకుండా కట్టే స్టే పట్టీలు తయారవుతాయి గానీ, వాటిని వాడేవాళ్లు అరుదు. ఒకవేళ ఈ కమ్మీ కొంటే కొలత చూసి కొనండి. కేటగిరీ 1 ట్రాక్టర్లకు చివరి పిన్నులు 22 మిల్లీమీటర్లు, కేటగిరీ 2కు 28. సుమారు 45 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లు ఎక్కువగా మొదటి రకానివి, అంతకు మించినవి రెండో రకానివి. 28 మిల్లీమీటర్ల రంధ్రమున్న బంతి ఉన్న లింకులో 22 పిన్ను పెట్టి మధ్యలో పైపు ముక్క దూర్చడం చాలా చోట్ల చూస్తాం. అందుకోసమే తయారైన బుష్షులు దుకాణాల్లో దొరుకుతాయి, వాటిని వాడండి.

దిగబడిన ట్రాలీని లాగడానికి, పనిముట్టును పై నుంచి పట్టే టాప్ లింకు తగిలించే చోట గొలుసు కట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. దయచేసి మానుకోండి. ఆ చోటు ఇరుసు కన్నా ఎత్తులో ఉంటుంది. ట్రాలీ కదలకపోతే వెనక చక్రాల చుట్టూ ట్రాక్టరే పైకి లేచి డ్రైవరు మీద వెల్లకిలా పడుతుంది. క్లచ్ తొక్కడానికి కూడా వ్యవధి ఉండదు.

పిన్ను విరిగేది ఎందుకు

పిన్ను గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ మందం ఒక్కటే చూస్తారు.

25 మిల్లీమీటర్ల మందమున్న మామూలు ఇనుప పిన్నును రెండు పలకల మధ్య బిగుతుగా పట్టి, రింగుతో నిదానంగా లాగితే అది కత్తిరింపుకు లొంగడం మొదలవడానికే పద్నాలుగు టన్నుల దాకా బలం కావాలని లెక్క చెబుతుంది. తారు రోడ్డు మీద ఐదు టన్నుల ట్రాలీ లాగడానికి కావలసిన బలం ఒకటి రెండు వందల కిలోలు మించదు. బురదలోనూ వాలులోనూ అది టన్నుకు చేరవచ్చు. అంత తేడా ఉన్నప్పుడు పిన్నులు వంగడం, విరగడం ఎందుకు?

రెండు పలకల మధ్య సందే కారణం. సందు 60 మిల్లీమీటర్లుండి, ట్రాలీ రింగు మందం 25 మాత్రమే ఉందనుకోండి. రింగు ఆ సందు మధ్యలో లాగుతుంది. పిన్ను అక్కడ కత్తిరింపుకు కాదు, వంపుకు లోనవుతుంది. అదే 25 మిల్లీమీటర్ల పిన్ను అలాంటి సందులో రెండున్నర టన్నులకే వంగడం మొదలవుతుంది. గుంతలో పడి లేచేటప్పుడు, క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు వచ్చే కుదుపు ఆ అంకెను సులభంగా దాటుతుంది. ఒకసారి వంగిన పిన్నును సుత్తితో కొట్టి సరిచేసి మళ్లీ వాడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

దీని నుంచి కొనేవారికి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, హిచ్ కొనేటప్పుడు ట్రాలీ రింగు మందం కొలిచి తీసుకెళ్లాలి. రింగుకు పైనా కిందా కొద్దిపాటి ఖాళీ, అంటే గతుకుల్లో రింగు పైకీ కిందికీ ఒరగడానికి చాలినంత ఖాళీ ఉంటే చాలు. సందు మరీ ఎక్కువగా ఉంటే రింగుకు రెండు వైపులా మందమైన వాషర్లు వేయించవచ్చు. రెండు, పిన్ను మందం కొద్దిగా పెంచినా వంపుకు ఎదురు నిలిచే బలం బాగా పెరుగుతుంది. 25 నుంచి 32కు వెళితే అది రెండింతలు దాటుతుంది. అయితే దానికి తగ్గట్టు రంధ్రం పెంచడానికి పలకల్లో చోటుండాలి. రంధ్రం అంచు నుంచి పలక అంచు దాకా కనీసం పిన్ను మందమంత ఇనుము మిగలాలి. లేకపోతే పిన్ను నిలుస్తుంది, పలక చీలుతుంది.

లోహం సంగతి. ఇళ్ల స్లాబులకు వాడే కడ్డీ ముక్కను పిన్నుగా వాడకూడదు. దాని మీద గాట్లు ఉంటాయి, ఆ గాట్ల దగ్గర ఆనే భారం సమంగా ఉండదు, రంధ్రాన్ని కూడా అవే తినేస్తాయి. లేతు షాపులో చేయించుకుంటే ఈఎన్8 కడ్డీ అడగండి. అది మధ్యరకం కార్బన్ ఉక్కు, మామూలు ఎంఎస్ (మెత్తని ఉక్కు) కన్నా గట్టిది, సాధారణ షాపుల్లో దొరుకుతుంది. మరీ గట్టిగా ఉండాలని నీళ్లలో ముంచి కాఠిన్యం పెట్టించవద్దు. గాజులా పెళుసైన పిన్ను వంగకుండా ఒక్కసారిగా విరుగుతుంది. వంగే పిన్ను ముందుగా హెచ్చరిస్తుంది. కంపెనీ పిన్ను లేదా పేరున్న తయారీదారు పిన్ను దొరికితే లేతు దాకా పోవలసిన పనే లేదు, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది.

పిన్ను అడుగున క్లిప్పు తప్పనిసరి. లించ్ పిన్ను అన్నా ఆర్ క్లిప్పు అన్నా సరే, ఏదో ఒకటి ఉండాలి. లోడున్న రెండు చక్రాల ట్రాలీ రింగును కిందికి అదిమిపెడుతుంది కాబట్టి క్లిప్పు లేకపోయినా నడిచిపోతుంది. ఖాళీ ట్రాలీ గతుకుల్లో ఎగురుతుంది, పిన్ను పైకి వచ్చేస్తుంది. ఖాళీ ట్రాలీలోనే ఉదయం సాయంత్రం కూలీలను ఎక్కించుకుపోతారన్న సంగతి ఇక్కడ మరిచిపోకూడదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. అది హిచ్ వల్ల జరిగిందని అనడం లేదు. కానీ ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పని పని, మనమూ ఒప్పుకోకూడని పని.

ఏ భాగం ఎక్కడ కొనాలి

షోరూములో కొంటే పార్టు నంబరుతో వస్తుంది, బిల్లుంటుంది, కొలత తప్పదు. పాత మోడళ్లకు మాత్రం తెప్పించడానికి రోజులు పడుతుంది, కొన్నింటికి అసలు రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా ట్రాక్టర్ భాగాల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మీరు కొనే భాగానికి ఎంత వేశారో బిల్లులో చూసుకోండి. ఈ తగ్గింపుతో అసలు భాగానికీ బయటి సరుకుకూ మధ్య ఉన్న తేడా కొంత తగ్గిందనే చెప్పాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరికే బయటి సరుకులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. పిన్నులు, టాప్ లింకులు, గొలుసులు, లోయర్ లింకు బంతుల్లో చాలా భాగం పంజాబ్‌లోని లుధియానా నుంచి వస్తాయి. అక్కడి తయారీదారుల్లో విదేశాలకు ఎగుమతి చేసేవారూ ఉన్నారు, కాబట్టి బయటి సరుకంటేనే నాసి అనుకోనక్కరలేదు. పేరు, కొలత భాగం మీద పోత పోసో గుద్దో ఉన్నదాన్ని తీసుకోండి. కాగితం అంటించి ఉన్నదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. వెర్నియర్ కాలిపర్ వెంట తీసుకెళ్లి పిన్నును రెండు మూడు చోట్ల కొలవండి. చివర 25 ఉండి మధ్యలో 24.5 ఉంటే అది సానపట్టని సరుకు.

పాత బండ్లు విప్పే దుకాణాల్లో పిన్నులు, క్లిప్పులు, బోల్టులు కొనవద్దు. బ్రాకెట్, ఊగే డ్రాబార్, వాటి అడ్డ కమ్మీలు మాత్రం అక్కడే వెతకండి. కంపెనీ ఆనాడు వేసిన బరువైన ఫోర్జింగ్ భాగాలు ఇప్పటికీ గట్టిగా ఉంటాయి, అదే మోడల్ నుంచి వచ్చినవైతే బోల్టు రంధ్రాలు అచ్చంగా కలుస్తాయి. అయితే రంగు వేసి పెట్టినదాన్ని రంగు చూసి కొనవద్దు. పిన్ను రంధ్రాల చుట్టూ, వంపుల దగ్గర రంగు గీకించి చూడండి. వెల్డింగ్ మచ్చ కనిపిస్తే వదిలేయండి. అనుమానంగా ఉంటే ఆ చోట డీజిల్ పూసి పావుగంట ఆగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దపొడి రాయండి. పగులు ఉంటే అందులోకి దిగిన నూనె సుద్ద మీద సన్నని గీతగా బయటపడుతుంది. వెంట్రుక వాసి పగులు కూడా దీనితో దొరుకుతుంది. రంధ్రం గుండ్రంగా ఉందో, కోడిగుడ్డు ఆకారానికి సాగిందో అడ్డంగా నిలువుగా కొలిస్తే తెలుస్తుంది. అసలు కొలతలో పదో వంతు అరిగిందంటే దాన్ని వదిలేయడమే మంచిది. అంతకన్నా తక్కువ అరుగుదలైతే లేతులో బోరు చేసి ఉక్కు బుష్షు వేయించుకోవచ్చు.

ఇక వెల్డింగ్ షాపు. మన ఊరి వెల్డర్ల చేతి పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది, ట్రాలీ డ్రాబార్ (ట్రాలీ ముందుకు వచ్చే లాగుడు కమ్మీ) సరిచేయడంలో, కొత్త రింగు వేయడంలో, స్టాండు అమర్చడంలో వాళ్లను మించినవారు లేరు. రింగు వేసేటప్పుడు మామూలు 6013 రాడ్లకు బదులు, పొడిగా ఉంచిన 7018 రాడ్లు వాడమని అడగండి. అవి తక్కువ హైడ్రోజన్ రకం, మందమైన ఉక్కులో అతుకు పగిలే ప్రమాదం తగ్గుతుంది. రెండు పనులకు మాత్రం ఒప్పుకోవద్దు. ట్రాక్టర్ వెనక హౌసింగ్ పోత ఇనుముతో ఉంటుంది, దానికి బ్రాకెట్‌ను వెల్డింగ్ చేయిస్తే అతుకు పక్కనే హౌసింగ్ పగులుతుంది, అప్పుడు పోయేది హిచ్ కాదు, గేరుబాక్సు నూనె, ఆపైన హౌసింగే. రెండోది, లారీ కమాను పట్టీలతో హిచ్ పలకలు చేయించడం. కమాను ఉక్కు ఎంతో గట్టిదని అలా చేస్తారు. ఆ గట్టిదనమే చిక్కు తెస్తుంది. ముందు వేడి చేయకుండా, తర్వాత నిదానంగా చల్లార్చకుండా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన పెళుసై, చూడటానికి బాగానే ఉండి లోడులో విరుగుతుంది.

బోల్టులే అసలు చిక్కు

పాత బ్రిటిష్ డిజైన్ల నుంచి వచ్చిన మాస్సీ 1035, బి-275 వంటి ట్రాక్టర్లలో అంగుళాల మరలు ఉంటాయి. స్వరాజ్, హెచ్ఎంటీలలో మిల్లీమీటర్ల మరలు. 5/8 అంగుళం బోల్టు మందం 15.9 మిల్లీమీటర్లు, ఎం16 బోల్టు మందం 16. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. కానీ ముతక మర ఉన్న 5/8 బోల్టుకు అంగుళానికి 11 చుట్లు, అంటే చుట్టుకు 2.3 మిల్లీమీటర్లు. ఎం16కు చుట్టుకు 2. 5/8 రంధ్రంలో ఎం16 వేస్తే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. తుప్పు అనుకుని పొడవాటి పానాతో తిప్పితే హౌసింగ్‌లోని మర పోతుంది. అర అంగుళం రంధ్రంలో ఎం12 వేస్తే ఇంకా ప్రమాదం, 12.7 చోట 12 కాబట్టి లూజుగా లోపలికి వెళుతుంది, బిగిసినట్టే కనిపిస్తుంది, లోడులో ఊడుతుంది. పాత బోల్టు ఒకటి చేతిలో పట్టుకెళ్లి, థ్రెడ్ గేజ్‌తో సరిచూసి కొనడం తప్ప దీనికి దారి లేదు.

మిల్లీమీటర్ల బోల్టు తల మీద 8.8 లేదా 10.9 అని ఉండాలి. అంకె లేని బోల్టు మెత్తనిది, హిచ్‌కు పనికిరాదు. అంగుళాల బోల్టులైతే తల మీద గీతలుంటాయి, మూడు గీతలది గ్రేడ్ 5, ఆరు గీతలది గ్రేడ్ 8. మూడు గీతలకు తక్కువైనది వాడవద్దు. బిగింపు ఎంతో మాన్యువల్‌లో ఉంటే దాన్నే పాటించాలి. లేకపోతే ఎం16, 8.8 బోల్టుకు 200 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది, అంటే మీటరు పొడవు పానా చివర 20 కిలోల బలం. మొదటి లోడు దింపిన వెంటనే మళ్లీ ఒకసారి బిగించాలి, రంగు, తుప్పు పొరలు నలిగి కొద్దిగా లూజవుతాయి.

మోడల్‌ను బట్టి

మాస్సీ 1035, స్వరాజ్ 735 ఉన్నవారికి దిగులు లేదు, రెండూ ఇంకా అమ్ముడవుతున్న పేర్లే. మొదటిదాన్ని చెన్నైకి చెందిన టాఫే తయారుచేస్తుంది, రెండోదాని కంపెనీ 2007 నుంచి మహీంద్రా చేతిలో ఉంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైన్ నుంచి వచ్చిన బి-275కూ భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని 2005లో టాఫే తీసుకుంది కాబట్టి పాత ఐషర్‌కు భాగాలు అడగవలసింది ఆ వరుసలోనే. ఫోర్డ్ 3600 ప్రపంచమంతా తిరిగిన బండి. దాని లింకేజీ భాగాలు బయటి సరుకులో దండిగా ఉన్నాయి.

చిక్కు హెచ్ఎంటీ, హిందుస్థాన్ ట్రాక్టర్ల యజమానులది. పింజోర్‌లోని హెచ్ఎంటీ ట్రాక్టర్ యూనిట్‌ను మూసివేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. హెచ్ఎంటీ 2511 అసలు చెకోస్లోవేకియా జెటార్ డిజైన్. కాబట్టి దుకాణంలో "హెచ్ఎంటీ లేదు" అంటే "జెటార్ 2511" అని అడిగి చూడండి. వడోదర నుంచి వచ్చిన హిందుస్థాన్ కూడా జెటార్ వంశమే. 1999లో ఆ కంపెనీలో పెద్ద వాటా మహీంద్రా తీసుకున్నా, పాత మోడళ్ల హిచ్ బ్రాకెట్లకు పాత బండ్లు విప్పే దుకాణాలే ఆధారం. ఈ రెండు బండ్లకూ మంచి బ్రాకెట్ ఎక్కడైనా కంటబడితే అవసరం ఇప్పుడు లేకపోయినా కొని పెట్టుకోమంటాను. అసలు దొరకకపోతే మాత్రం, పాత బ్రాకెట్ ఎంత అరిగినా దాన్ని పారేయకుండా లేతు షాపుకు తీసుకెళ్లి, దాని రంధ్రాల కొలతలతోనే 16 మిల్లీమీటర్ల ఎంఎస్ పలకతో కొత్తది కోయించి, హౌసింగ్‌కు బోల్టులతోనే బిగించాలి. ఇందులో వెల్డింగ్ అతుకులు పలకకూ పలకకూ మధ్యే ఉంటాయి, పోత ఇనుము జోలికి పోవు.

టిప్పింగ్ ట్రాలీ (తొట్టిని ఎత్తి సరుకు దింపేది) వాడేవారు హిచ్‌తో పాటు నూనె పైపు పొడవునూ చూడాలి. పొట్టి బ్రాకెట్‌కు మారితే పైపు వేలాడి నేలకు రాసుకుంటుంది, పొడవైనదానికి మారితే మలుపులో లాగి తెగుతుంది. ట్రాలీని రెండు వైపులా పూర్తిగా తిప్పి నిలబెట్టి పైపును కొలిచాకే కొత్తది కోయించండి. అదే సమయంలో హిచ్ పక్కనుంచి ఒక భద్రతా గొలుసు, వెనక లైట్ల వైరు కూడా వేయించుకోవచ్చు. గొలుసును పిన్నుకు గానీ హిచ్ పలకలకు గానీ తగిలించకుండా ట్రాక్టర్‌కు విడిగా బిగించాలి, పిన్ను పోయినప్పుడు పనిచేయవలసింది అదే. రోడ్డెక్కే ముందు కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే లాక్ పట్టీ వేయండి. ట్రాలీకి బ్రేకులు లేనప్పుడు ఒక వైపు బ్రేకు మాత్రమే పడితే వెనక నుంచి వచ్చే తోపు హిచ్ దగ్గరే బండిని మడిచేస్తుంది.